గుఱికి ఆనిక

1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీని చింతపల్లి పోలీసు ఠాణాయు, 23వ తేదీని కృష్ణదేవిపేట ఠాణాయు, 24వ తేదీని రాజవొమ్మంగి ఠాణాయు అల్లూరి సీతారామరాజుగారి దళమునకు లోబడినవి. ఈ మూడు దినముల వృత్తాంతము మన ప్రాంతమున పిల్లలకు సైతము కంఠస్థము. తీసికొనిన ఆయుధముల పట్టికను ఠాణా పుస్తకములోనే వ్రాసి, క్రింద సంతకము చేసి పోయిన ఆ ధీరుని నిర్భీకతను గుఱించి మనవారు చెప్పుకొనని సభ లేదు. కాని ఆ పట్టికను కూడి చూచినవారు మాత్రము అరుదు. మూడు ఠాణాలలోను కలిసి చేజిక్కినవి 26 తుపాకులు. తూటాలు సుమారు 2,500. అనగా తుపాకి యొక్కంటికి నూరు తూటాలైనను రావు.

ఈ లెక్క యొద్ద కొంచెము నిలువవలసియున్నది. విల్లమ్ముల నేర్పు తరతరములుగా గల కోయ, బగత సోదరులకు బాణము వ్యర్థమైనచో మఱియొకటి చెక్కుకొనుట తెలియును. తూటా అట్టిది కాదు. మన్యములో దానికి కార్ఖానా లేదు, అంగడి లేదు. చేతికి వచ్చిన క్రొత్త ఆయుధమును నేర్చుకొనుటకై ఒక్కొక్కడు పది తూటాలు పేల్చినచో ఉన్న యుద్ధములో పదవవంతు అభ్యాసముననే ఖర్చయినట్లు. పేల్చకున్నచో నేర్పు రాదు. ఈ రెంటి నడుమ నలిగిన దళము రమారమి రెండేండ్లు సామ్రాజ్యమును నిద్రపోనీయక నిలిచినదనుట ఆశ్చర్యమే. అది యెట్లు నిలిచెనో, ఎచ్చట తడబడెనో విచారింపకుండ పూలదండలతో సరిపుచ్చుట ఆ వీరులకు మర్యాద కాదు.

1922 సెప్టెంబరు 24వ తేదీని దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దరు ఆంగ్లాధికారులు హతులైరి. ఆ ఇఱుకుదారిని ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చు దొరలనే దళము గుఱిచేసెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. అరణ్యపు చాటున చేరి, ఊపిరి బిగబట్టి, తాను కోరిన మనిషి వచ్చువఱకు వేచియుండుట వట్టి సాహసకార్యము కాదు. దానికి స్థిరమైన చోటు కావలెను, స్థిరమైన చేయి కావలెను. ఆ సంవత్సరమే డిసెంబరు 6వ తేదీని పెద్దగడ్డపాలెము వరిచేలలో జరిగిన పోరు దీనికి తలక్రిందులు. అచ్చట చాటు లేదు, ఆనిక లేదు. ఎదుట సర్కారు దళము యంత్రపు తుపాకులతో నుండెను. రాజుగారి యోధులు నలుగురు నేలకొరగిరి; నాటి రాత్రియే జరిగిన మఱియొక దాడిలో ఎనమండ్రు కూలిరి. మనుష్యులు వారే, తుపాకులు అవియే, ధైర్యము అదియే. మాఱినది వారి మోచేతుల క్రింది నేల.

తుపాకికి ఆనిక యెంత ముఖ్యమో మన పాలకులుగా నుండిన ఆంగ్లేయులకు తెలియని విషయము కాదు. వారికి ఆ పాఠము చెప్పినవారు దక్షిణాఫ్రికాలోని బోయరు రైతులు. 1899 డిసెంబరు 11వ తేదీని మాగర్స్‌ఫాంటీను వద్ద ఆ రైతులు కొండకొమ్మును విడిచి కొండపాదమున కందకములు త్రవ్వుకొని, వాని గట్టులపై తుపాకులు ఆనించి కూర్చుండిరి. ఆంగ్లేయుల ఫిరంగులు జనములేని కొమ్మును కొట్టినవి. పిమ్మట ముందునకు నడచిన పటాలములు పాదముననుండి వచ్చిన గుండ్లకు పడిపోయినవి. ఆ యవమానము చల్లారకముందే, 1901లో, ఇంగ్లండున కూలివారికొఱకు రైఫిలు క్లబ్బుల సంఘము వెలసినది. చిన్న తూటా వాడు .22 రైఫిలుతో, గ్రామపు గదులలో, సాయంకాలపు వేళ కార్మికులు గుఱి నేర్చుకొనిరి. 1909 నాటి వారి సైనిక నిబంధనలలో, నేలపై పండుకొని 300 గజముల దూరపు లక్ష్యముపై నిమిషమునకు 15 తూటాలు గుఱితప్పక వేయు పరీక్ష యొకటి కలదు. ఐదేండ్ల తరువాత, 1914 ఆగస్టు 23వ తేదీని మాన్సు వద్ద, ఆ విధముగ తరిఫీదైన సిపాయిల కాల్పులను శత్రువులు యంత్రపు తుపాకుల కాల్పులని భ్రమపడిరని చెప్పుదురు.

తమ దేశమున కూలివానికి సైతము రైఫిలు చేతికిచ్చి నేర్పిన ఆ ప్రభుత్వమే మన దేశమున 1878వ సంవత్సరపు ఆయుధచట్టముతో కోట్లజనులను నిరాయుధులను గావించినది. అహింసయే పరమధర్మమని బోధించిన గాంధీమహాత్ముడే, ఒక జాతినంతటిని ఆయుధహీనముగ చేసిన ఆ శాసనమును ఆంగ్లప్రభుత్వపు దుష్కృత్యములలో మిక్కిలి నల్లనిదిగా చరిత్ర యెంచునని 1918లో వ్రాసినాడు. 1931 మార్చిలో సర్దారు వల్లభభాయి పటేలుగారి అధ్యక్షతను జరిగిన కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించుటను పౌరుని హక్కుగా ఎన్నినది. తరువాత రాజ్యాంగసభలో 1948 డిసెంబరున కామతుగారు ఆ హక్కును ప్రస్తావింపగా డాక్టరు అంబేద్కరుగారు అంగీకరింపలేదు. 1950 నాటి రాజ్యాంగమున దానికి చోటు దొరకలేదు. 1878 నాటి చట్టము 1959లో పోయి మఱియొక చట్టము వచ్చినది.

అంబేద్కరుగారి నిర్ణయమును మేము తప్పుపట్టము. ఇంటింట తుపాకి యుండవలెనని కోరుట అవివేకము. ఆయుధము బజారువస్తువైన దేశములలో పాఠశాలల పిల్లలు పాఠము చదువుచు చచ్చుచున్న వార్తలు మన పఠనమందిరములకు వచ్చుచునే యున్నవి. మన మన్యములో నాటుతుపాకి పేలి వేళ్లు పోగొట్టుకొన్న గిరిజనుని కథ ఎవరికి తెలియదు? కాని ఇంట తుపాకి యుండుట వేఱు, ఊరికి తుపాకివిద్య యుండుట వేఱు. 1959 నాటి చట్టము సైతము ఈ భేదమును గుర్తించినది. ఒక వ్యక్తి ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యకు అది విధించిన పరిమితి, కేంద్రప్రభుత్వము గుర్తించిన రైఫిలు క్లబ్బు సభ్యుడు లక్ష్యాభ్యాసమునకు వాడు .22 రైఫిలునకును గాలి తుపాకికిని వర్తింపదు. చట్టము తలుపు పూర్తిగ మూయలేదు. ఆ తలుపును తట్టుటకు మన పట్టణములకు కోరిక పుట్టకపోవుటయే లోపము.

క్రీడారంగమున మనవారి ప్రతిభ కొఱవడలేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో పది మీటర్ల గాలి రైఫిలు పోటీయందు కాంస్యపతకము గెలిచినాడు. ఆ పోటీలో పదిమార్కులిచ్చు చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. హైదరాబాదు బాలికయే యగు ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఏషియా క్రీడలయందు పిస్తోలు జట్టులో స్వర్ణము తెచ్చినది. వీరిని మెచ్చుకొందము. ఐనను ఒలింపిక్ రైఫిలు పోటీలో తుపాకిని దేనిపైనను ఆనించుటకు వీలులేదని పాఠకులు గమనింపవలెను. నిలిచినప్పుడు శరీరమే ఆధారము. మోకరిల్లినప్పుడును పండుకొన్నప్పుడును చేతికి చుట్టిన పట్టీ మాత్రము తోడు. అది తపస్సువంటి విద్య. దానికి విలువైన రైఫిలు, బిగువైన దుస్తులు, సంవత్సరముల సాధన కావలెను. సిపాయికిని, అటవీరక్షకునికిని, పోలీసు జవానునకును కావలసినది దీనికి చుట్టమే కాని ఇదియే కాదు. అతనికి చదునైన చాప, తూచి వేసిన వెలుగు దొరకవు. దొరకునది ఒక గోడ, ఒక చెట్టు, ఒక పొలముగట్టు. దానిని చూచిన కొన్ని క్షణములలో తుపాకిని దానికి పొందించి గుఱి తప్పకుండుట అతని పని. ఇటీవల పాశ్చాత్యదేశములలో ఈ విద్యయే ఒక పోటీగా పెరిగినది. నిచ్చెనమెట్టు, కొయ్యకంచె, ఇంటికప్పు వంటి ఆధారములనుండి, ఒక్కొక్క ఘట్టమునకు తొంబదియో నూటయిరువదియో సెకనుల గడువులో వేర్వేరు దూరముల లక్ష్యములను కొట్టవలెను.

ఈ విద్య రహస్యము కాదు, మంత్రము కాదు. ఎఱిగినవారు చెప్పు సూత్రములు నాలుగైదు మాత్రమే. తుపాకి గొట్టమును గట్టి వస్తువుపై ఎన్నడును ఆనింపరాదు. పేలినప్పుడు అది అదరి, రాతినో ఇనుమునో తాకి ఎగిరిపడును, గుండు త్రోవ తప్పును. గొట్టము క్రిందనుండు కొయ్యభాగమునే ఆనింపవలెను. ఆ కొయ్యకును ఱాతికిని నడుమ అరచేయియో, మడిచిన గుడ్డయో, ఇసుకమూటయో ఉండవలెను. చెట్టు దొరికినచో ఎడమ అరచేతిని మానుకు అదిమి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న సందున రైఫిలును ఉంచుదురు. గోడ దొరికినచో దానిపై వాలుదురే కాని దానిని కౌగిలించుకొనరు. ముందుభాగము ఎంత గట్టిగ ఆనినను వెనుక మడమ గాలిలో ఊగుచున్నచో ఫలితము లేదు. కావున కుడి మోచేతికి కూడ ఒక చోటు వెదకవలెను, లేదా మడమ క్రింద పిడికిలి నుంచవలెను. ఎముకలు మోయవలసిన బరువును కండలకు అప్పగించినవాని చేయి అరనిమిషములో వణకును.

మిక్కిలి ముఖ్యమైన సూత్రము మఱియొకటి కలదు. దీనిని క్రొత్తవారు నమ్మరు. గుఱి కుదిరినదనుకొన్న పిమ్మట కన్నులు మూసికొని ఒకటి రెండు ఊపిరులు తీసి మరల తెఱువవలెను. సైటు లక్ష్యముపైననే యున్నచో శరీరము సరిగ కూర్చున్నట్లు. ప్రక్కకు జరిగియున్నచో చేతులతో తుపాకిని లాగి సరిచేయుట తప్పు. తుంటిని, కాళ్లను జరిపి శరీరమునే త్రిప్పుకొనవలెను. చేతితో లాగిపట్టిన గుఱి మీట నొక్కిన క్షణమున తన చోటికి తాను పోవును. ఆ మీట నొక్కుటయందును తొందర పనికిరాదు. ఊపిరి సగము విడిచి నిలిపిన ఆ చిన్న విరామమున, వ్రేలు ఒక్కటే కదలవలెను.

అట్లయిన వేగమెక్కడిది? ఇచ్చటనే మన సినిమాలు యువకులను చెఱచినవి. వెండితెరపై వీరుడు గుఱ్ఱముపై పరుగెత్తుచు, నడుమునొద్దనుండి తుపాకి పేల్చి పదిమందిని పడగొట్టును. 1974లో వచ్చిన అల్లూరి చిత్రమును చూచి కన్నీరు కార్చినవారిలో మేమును చేరినవారమే. ఐనను చిత్రము చిత్రమే, విద్య విద్యయే. నిజమైన వేగము మీటయొద్ద లేదు. ఏ ఆధారమునొద్దకు పోవలెనో నడచుచుండగనే నిశ్చయించుకొనుటలో నున్నది, మోకాలు నేలకు తాకులోపల మడమ భుజమునకు చేరుటలో నున్నది, ఒకసారి కూర్చున్న పిమ్మట మరల సర్దుకొనవలసిన అవసరము లేకుండుటలో నున్నది. మన అనకాపల్లివారికి ఇది బోధపరచుట కష్టము కాదు. బెల్లము వండు పెనము నొద్ద నిలిచిన వంటరిని చూడుడు. పాకము ముదురుటను అతడు తొందరపెట్టలేడు. కాని పాకము వచ్చిన క్షణమున పెనమును దింపుటకు మనుష్యులు, పోయుటకు చోటు, కలియబెట్టుటకు తెడ్డు సిద్ధముగ నుండును. ఎక్కడను పరుగు కనబడదు, ఆలస్యమును కనబడదు. తుపాకికాని వేగమును అట్టిదే.

దీని అభ్యాసమున తొంబదిపాళ్లు తూటా లేకయే జరుగును. 26 తుపాకుల కథను ఆరంభమున చెప్పుటకు కారణమిదియే. గురువు తుపాకిని స్వయముగ విప్పి, లోపల తూటా లేదని శిష్యునకును చూపి, ఆ గదిలోనికి తూటాయే రాకుండ కట్టడిచేసి, గోడపై నంటించిన చిన్న నల్లచుక్కను లక్ష్యముగ నిలిపి, గడియారము చేతబట్టి నేర్పవలెను. శిష్యుడు నిలుచుండియుండును, ఆజ్ఞ కాగానే మూటయొద్దకు పోయి ఆనించి ఒక్కసారి మీట నొక్కును, లేచి మఱియొక ఆధారమునొద్దకు పోవును. మొదటి మాసమున కాలమును లెక్కింపరాదు, గుఱి కదలినదా లేదా యన్నదే చూడవలెను. తరువాత గడువు పెట్టి, క్రమముగ తగ్గింపవలెను. కాల్పునకు పోయిన దినమున తగిలిన గుండ్లకే మార్కులు. తగులని గుండు ఎంత త్వరగ పోయినను సున్న. మొదటి గుండునకు రెట్టింపు మార్కులిచ్చినచో ఇంకను మేలు, ఏలయన పనిలో నున్నవానికి రెండవ గుండు దొరకుట అదృష్టము.

దీనికి కావలసిన సామగ్రి ఎంత? ఈ పట్టణమున గోనెసంచులకు కఱవా? బెల్లపు మార్కెట్టు వీధిలో చినిగిన సంచులు ఎన్నియో. శారదానదియందు ఇసుక కలదు. తాటిదూలమొకటి, పాతబండిచక్ర మొకటి, నడుమెత్తు ఇటుకగోడ యొకటి చేరినచో ఆధారముల పాఠశాల సిద్ధమైనట్లే. గాలి రైఫిలునకు పది మీటర్ల గది చాలును. .22 రైఫిలునకు ఏబది మీటర్ల స్థలము, వెనుక గుండును మ్రింగు ఎత్తైన మన్నుకట్ట, ఎఱ్ఱజెండా, కాపలా కావలెను. ఇది ప్రభుత్వపు అనుమతితో, పోలీసువారి పర్యవేక్షణతో జరుగవలసిన పని. తుపాకులు క్లబ్బు కొట్టములో తాళము క్రింద నుండవలెనే కాని ఏ సభ్యుని ఇంటికిని పోరాదు. తాళపుచెవి ఒకరియొద్ద, తూటాల లెక్క మఱియొకరియొద్ద నుండుట మంచిది. వేటకు ఇది ద్వారమని తలచువారికి సభ్యత్వము నిరాకరింపవలెను. 1972 నాటి వన్యప్రాణి చట్టము అమలులో నున్నది, మన కొండలలో మిగిలిన జంతువులును కొలదియే.

ఈ ప్రయత్నము ఎవరికొఱకు? ఉత్తరాంధ్రపు గ్రామములనుండి ఏటేట యువకులు సైన్యమునకును, పోలీసుశాఖకును పోవుచున్నారు. తెల్లవారుజామున రోడ్లవెంట పరుగెత్తువారిని మనము చూచుచునే యున్నాము. పరుగు నేర్పువారున్నారు, వ్రాతపరీక్షకు శిక్షణశాలలున్నవి. 2022లో ప్రవేశపెట్టిన అగ్నిపథపు పథకము క్రింద సేవాకాలము నాలుగేండ్లు, అందు శిక్షణకు దొరకునవి కొలది మాసములు. తుపాకిని మొట్టమొదట ఆ మాసములలోనే తాకిన కుఱ్ఱవాడు, చిన్ననాటనుండి ఊపిరిని, వ్రేలిని, ఓర్పును తీర్చుకొన్నవానితో ఎట్లు సమానుడగును? సరిహద్దున అతని ప్రాణమును, అతని ప్రక్కనున్నవాని ప్రాణమును ఈ భేదముపై ఆధారపడియుండును. 1948లో శాసనబద్ధమైన జాతీయ విద్యార్థి దళము కళాశాలలయందు ఈ బీజమును కొంత నాటినది. కాని ఆ దళమున చేరిన విద్యార్థికి 25 గజముల దూరమున పండుకొని కాల్చు అవకాశము సంవత్సరములో ఎన్ని దినములు చిక్కును? కళాశాల మెట్టెక్కని బెల్లపుకూలి కుమారునకు అదియును లేదు.

అహింసావ్రతులైన మిత్రులు కొందఱు మా వాదమునకు నొచ్చుకొందురని యెఱుగుదుము. వారికి మా మనవి యిది. గుఱి నేర్చుకొన్నవాడు ఊరక తుపాకి ఎత్తడు. కోపము వచ్చినప్పుడు చేయి వణకును, వణకిన చేతికి గుఱి లేదు. ఈ సంగతి లక్ష్యశాలలో మొదటి వారముననే శిష్యునకు స్వానుభవమునకు వచ్చును. ఆయుధమును భయముతోగాని వ్యామోహముతోగాని చూచు సమాజముకంటె, దానిని పనిముట్టుగ ఎఱిగి కొట్టములో నుంచి తాళము వేసికొని ఇంటికి పోవు సమాజము శాంతికి దగ్గరయని మా యభిప్రాయము. స్విట్జర్లండు ప్రజలు ఏటేట 300 మీటర్ల లక్ష్యముపై ఇరువది తూటాలు కాల్చి లెక్క ఒప్పగించుచున్నారు. రెండు మహాసంగ్రామములు చుట్టును మండుచుండగ ఆ దేశము ఎవరిపైకిని దండెత్తలేదు.

అనకాపల్లి 2022 ఏప్రిల్ 4వ తేదీని జిల్లాకేంద్రమైనది. సీతారామరాజుగారి దళము రెండవనాడు పట్టిన కృష్ణదేవిపేట, పిమ్మట ఆయన భౌతికకాయమును సమాధిచేసిన కృష్ణదేవిపేట, నేడు మన జిల్లాలోనిదే. ఆయన పేర విగ్రహములు చాలినన్ని నిలిచినవి. ఈ యేటి జయంతికి చందాలు పోగుచేయు యువజనసంఘములవారు, దండల ఖర్చులో సగము మిగిల్చి, ఒక గాలి రైఫిలునకును, పది ఇసుకమూటలకును, ఎఱిగిన గురువు నొకనికి మాసవేతనమునకును కేటాయింపగలరా యని అడుగుచున్నాము. జిల్లా కలెక్టరుగారికిని పోలీసు సూపరింటెండెంటుగారికిని ఒక మహజరు సిద్ధమగుచున్నది. పట్టణపు పఠనమందిరములలో వచ్చు ఆదివారమునుండి అది సంతకములకు ఉంచబడును. వర్తకులు, ఉపాధ్యాయులు, పదవీవిరమణము చేసిన సైనికులు ముందుగ వచ్చినచో తక్కినవారు తామే వత్తురు. స్థలము చూపగలవారు మహజరు క్రిందనే ఆ సంగతి వ్రాయుదురు గాక.